నిమ్మచుక్క వేస్తే ఏమవుతుంది?



పెళ్లయి కొత్తజంట ఇంటికొస్తే గుమ్మంలోనే ఆపి ఎర్రనీళ్లతో దిష్టి తీస్తాం. ఆ పళ్లెంలో రంగుపొడి ఏదీ వెయ్యం. నీళ్లలో పసుపు కలిపి చిటికెడు సున్నం వేస్తాం, అంతే. పసుపు పచ్చన, సున్నం తెల్లన, రెండూ కలిస్తే నీళ్లు ఎర్రన. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి సంగతీ ఇదే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం గనక మనకు అందులో వింతేమీ కనపడదు. మొదటిసారి చూస్తున్న ఐదేళ్ల పిల్ల మాత్రం, "అమ్మమ్మా, ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడుగుతుంది. ఆ హడావిడిలో ఎవరికి తీరిక? "పక్కకు జరుగమ్మా, తొక్కేస్తారు" అంటాం. అది తప్పనడం లేదు. మర్నాడు చుట్టాలంతా వెళ్లిపోయాక ఆ నీళ్లు మళ్లీ కలిపి ఆ పిల్ల ముందు పెట్టమంటున్నాను. పక్కన ఒక నిమ్మచెక్క కూడా ఉంచమంటున్నాను.

నిమ్మచెక్క ఎందుకో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే ఎరుపు పోయి మళ్లీ పచ్చరంగు వస్తుంది. ఇంకాస్త సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. అలా అటూ ఇటూ తిప్పుతూ కూచోవచ్చు. పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంది. పులుపు దగ్గర పచ్చగానూ, సున్నం, సబ్బు, చాకలిసోడా లాంటి క్షారాల దగ్గర ఎర్రగానూ కనిపించడం దాని గుణం. ఇదీ సంగతి. అయితే ఇది మీకు చెప్పాను గాని, పిల్లకు మీరు వెంటనే చెప్పకండి. నిమ్మచెక్క చేతికిచ్చి, పిండే ముందు, "ఇప్పుడేమవుతుందంటావ్?" అని అడగండి. అడిగి ఊరుకోండి.

ఊరుకోవడమే కష్టం. మనకు తెలిసింది పిల్లలకు చెప్పేయాలని నాలుక పీకుతుంటుంది. పిల్ల "నల్లగా అవుతుంది" అనవచ్చు, "పాలలాగా పొంగుతుంది" అనవచ్చు. ఏదన్నా సరే, దిద్దవద్దు. ఒక మాట అనేశాక ఆ పిల్ల పళ్లెం కేసి చూసే తీరే మారిపోతుంది. తన మాట నెగ్గుతుందా లేదా అన్నది ఇక తన సొంత వ్యవహారం. అదే మనం ముందుగా "చూడు, ఇప్పుడు పచ్చగా మారుతుంది, ఎందుకంటే నిమ్మరసం ఆమ్లం" అని మొదలుపెట్టామనుకోండి, పిల్ల చూపు పళ్లెం మీంచి లేచి మన మొహం మీదికి వస్తుంది. ప్రయోగం అక్కడితో ఆగిపోయి పాఠం మొదలవుతుంది. పాఠాలు చెప్పడానికి బడి ఉంది.

ఈ పసుపుతోనే ఒక ఆదివారమంతా గడపవచ్చు. పసుపు నీళ్లలో ముద్దగా కలిపి తెల్లకాగితానికి పూసి ఆరబెట్టండి. ఆరాక చిన్న ముక్కలుగా కత్తిరించండి. ఇంట్లో ఉన్న ద్రవాలన్నీ తలా కాస్త చిన్న గిన్నెల్లో పొయ్యండి. మజ్జిగ, చింతపండు పులుసు, ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, వంటసోడా కలిపిన నీళ్లు, చాకలిసోడా కలిపిన నీళ్లు. ఒక్కోదాన్నుంచి చుక్క తీసి ఒక్కో ముక్క మీద వెయ్యమనండి. ప్రతి చుక్కకూ ముందొక మాట అనాలి, తర్వాతే వెయ్యాలి. మజ్జిగ చుక్క పడ్డా కాగితం పచ్చగానే ఉంటుంది. "ఏమీ కాలేదు" అని పిల్ల నిరాశపడుతుంది. ఏమీ కాకపోవడం కూడా లెక్కలోకి వస్తుందని అప్పుడు తెలియాలి. వంటసోడా దగ్గర రంగు కొంచెమే మారుతుంది, చాకలిసోడా దగ్గర గట్టిగా మారుతుంది. రెండూ తెల్లపొడులే, రెండింటి పేరూ సోడాయే, మరి ఈ తేడా ఏమిటి? ఈ ప్రశ్న మీరు వెయ్యనక్కర్లేదు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడయితే వాడే వేస్తాడు.

సాంబారు మరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు పెట్టగానే మరక ఎర్రబడటం ప్రతి ఇంట్లోనూ చూసిందే. ఉతికి ఎండలో ఆరేస్తే ఆ మరక పలచబడుతుంది. కర్క్యుమిన్‌కు ఎండ పడదు, వెలుతురుకు విరిగిపోతుంది. ఇది నమ్మమని చెప్పే కన్నా పసుపునీళ్లలో ముంచిన పాతగుడ్డ పేలికలు రెండు పిల్లలకివ్వండి. ఒకటి డాబా మీద ఎండలో, ఒకటి బీరువాలో. సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూడమనండి. చొక్కాల మరకలకు సంబంధించి మీ ఇంట్లో ఒక కొత్త నిపుణుడు తయారవుతాడు.

పిల్లల పుట్టినరోజులకు ఈమధ్య సైన్సు కిట్ అని రంగురంగుల పెట్టెలు వస్తున్నాయి. చాలా పెట్టెల్లో ఒక అగ్నిపర్వతం ఉంటుంది. అట్టతో చేసిన కొండలో వంటసోడా, ఎర్రరంగు వేసి పైనుంచి వెనిగర్ పోస్తారు. నురగ పొంగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, మనం ఫోనులో వీడియో తీస్తాం. అయిపోయింది. నిజం అగ్నిపర్వతంలో వంటసోడా లేదు, వెనిగరూ లేదు. కరిగిన రాయి ఉంది, అందులో ఇమిడిన వాయువుల ఒత్తిడి ఉంది. కాబట్టి ఈ ఆటతో అగ్నిపర్వతం గురించి తెలిసిందేమీ లేదు, వంటసోడా గురించి తెలిసిందీ లేదు. దీన్ని ప్రయోగమనడానికి నాకు నోరు రాదు, గారడీ అంటాను. గారడీ చెడ్డదని కాదు, అది మరో కళ.

అదే వంటసోడాతో, అదే వెనిగర్‌తో ప్రయోగం చెయ్యొచ్చు. మూడు ఖాళీ సీసాల్లో సమానంగా వెనిగర్ పోయండి. మూడు రబ్బరు బుడగలు తీసుకుని ఒకదాంట్లో అరచెంచా, ఒకదాంట్లో చెంచా, ఒకదాంట్లో రెండు చెంచాల వంటసోడా నింపి సీసాల మూతులకు తొడగండి. బుడగలు ఎత్తి పట్టుకుంటే సోడా లోపల పడుతుంది, బొగ్గుపులుసు వాయువు పుట్టి బుడగలు ఉబ్బుతాయి. రెండు చెంచాల బుడగ ఒక చెంచా దానికి రెండింతలు అవుతుందని పిల్లలు పందెం కడతారు. వెనిగర్ కొంచెమే ఉంటే అలా జరగదు. ఒక హద్దు దాటాక ఎంత సోడా వేసినా బుడగ పెరగదు, తెల్లపొడి అడుగున మిగిలిపోతుంది. "నాన్నా, వెనిగర్ ఇంకా పోస్తే?" అని పిల్ల అడిగిందా, అప్పుడు మీ పని అయిపోయినట్టే. అన్నట్టు, సీసాకు గట్టి మూత మాత్రం పెట్టనివ్వకండి, పగులుతుంది. బుడగ చాలు.

వంటింట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం పెరుగు. పాలు తోడుపెట్టడం మనకు ఎంత అలవాటంటే, రోజూ రాత్రి కోట్ల కొద్దీ సూక్ష్మజీవుల్ని పెంచుతున్నామన్న స్పృహే ఉండదు. ఒకే గిన్నెలో కాచిన పాలు మూడు గ్లాసులకు పంచండి. ఒక గ్లాసు పాలు పొయ్యి మీద పొంగుతున్నప్పుడే తోడు వేసి కలపండి, ఆ పని పెద్దవాళ్లదే. రెండో గ్లాసుకు అమ్మమ్మ చేసినట్టు వేలు ముంచి చూసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యండి. మూడోదాంట్లోనూ అలాగే వేసి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక్కడ పిల్లలు ఒక పని చేస్తారు. తమకు ఇష్టమైన గ్లాసు గెలవాలని దాంట్లో ఇంకో చెంచా తోడు వేస్తారు. "అది తొండి" అనండి. ప్రయోగంలో ఒక్కటే మార్చాలి, తక్కినవన్నీ ఒకేలా ఉంచాలి అని పెద్ద తరగతుల్లో పేజీలకు పేజీలు చెబుతారు. గోలీలాటలో, తొక్కుడుబిళ్లలో తొండి అంటే ఏమిటో నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఈ న్యాయం కూడా అదే. పాలు ఒక్కటే, తోడు ఒక్కటే, గ్లాసు ఒక్కటే, వేడి ఒక్కటే తేడా. తర్వాత ఎప్పుడైనా తోడు ఎక్కువ వేస్తే ఏమవుతుందో చూద్దామంటే, అది ఇంకో రోజు ఇంకో ఆట.

పొద్దున లేవగానే పిల్లలు మొహం కడుక్కోకుండానే వంటింట్లోకి పరిగెడతారు. గోరువెచ్చని గ్లాసు గడ్డపెరుగు. తక్కిన రెండూ పాలు. ఎక్కువమంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు రుచి ఇక్కణ్ణుంచే. ఆ రెండు గ్లాసుల్ని ఇప్పుడు గది వేడిలో పక్కపక్కన పెట్టండి. మధ్యాహ్నం దాటేసరికి ఫ్రిజ్‌లోంచి తీసింది మెల్లగా తోడుకుంటుంది. పొంగేటప్పుడు తోడు వేసింది అలాగే ఉండిపోతుంది. చల్లదనంలో ఆ సూక్ష్మజీవులు నిద్రపోయాయి, మరిగే వేడిలో చచ్చిపోయాయి. రెండు గ్లాసులూ పొద్దున ఒకేలా కనిపించాయి కదా, లోపల మాత్రం ఒకేలా లేవు. కంటికి కనపడని ప్రాణుల గురించి ఆరేళ్ల పిల్లకు ఇంత స్పష్టంగా తెలిసే దారి నాకు ఇంకోటి కనపడలేదు. సూక్ష్మదర్శిని అక్కర్లేదు, మూడు స్టీలు గ్లాసులు చాలు.

తోడు లేనప్పుడు ఎండుమిరపకాయ తొడిమలు పాలల్లో వేస్తే పెరుగవుతుందని మన పెద్దలంటారు. నిజమేనా? తొడిమలు వేసిన గ్లాసు ఒక్కటే పెడితే తేలదు. పాలు ఊరికే వదిలేసినా కొన్నాళ్లకు ఏదో ఒకటవుతాయి కదా. అందుకే పక్కన ఏమీ వెయ్యని గ్లాసు ఒకటి ఉండాలి. ఈ ఏమీ వెయ్యని గ్లాసు విలువ అర్థమైన పిల్లలు పెద్దయ్యాక వాట్సాప్‌లో వచ్చే సగం చిట్కాల్ని నమ్మరు. అవి నమ్మి ఫార్వర్డ్ చేసే తాతయ్యల్ని కాస్త ఇబ్బంది పెడతారు, ఓర్చుకోవాలి. ఈ గ్లాసుల్లోది మాత్రం ఎవరూ తాగవద్దు.

వయసు సంగతి ఒక్కటి చెప్పాలి. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా మజ్జిగ పోసి నాలుగేళ్ల పిల్లకు చూపించండి. రెండూ సమానమేనంటుంది. తన కళ్లెదుటే ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి వంచండి. ఇప్పుడు దేంట్లో ఎక్కువుందని అడిగితే, పొడుగు దాంట్లో అంటుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే ఇలాంటి పరీక్షలతో, ఇంచుమించు ఏడేళ్ల లోపు పిల్లలు పాత్ర మారితే పరిమాణం కూడా మారిందనుకుంటారని చూపించాడు. మీరు ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోరు. ఒప్పుకోనక్కర్లేదు కూడా. వంచనివ్వండి, వెనక్కి పోయనివ్వండి, వంటింటి నేల తడవనివ్వండి. కొన్నాళ్లకు ఆ పిల్లే "అదెలా ఎక్కువవుతుంది, అదే మజ్జిగ కదా" అని మిమ్మల్ని వెక్కిరిస్తుంది. కాబట్టి నాలుగేళ్ల పిల్లకు కారణాలు నూరిపొయ్యడం దండగ. ఆ వయసులో చేతులు తడిస్తే చాలు. ఏడేళ్లవాడికి తొండి లేని ఆట నేర్పవచ్చు.

మన దేశంలో ఈ దారిన నడిచినవాళ్లు తక్కువేం కాదు. మధ్యప్రదేశ్‌లో 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి హోషంగాబాద్ జిల్లాలోని 16 మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు బోధన తీరే మార్చేశాయి. పుస్తకం వల్లెవేయడం లేదు. పిల్లలు జట్లుగా కూచుని ప్రయోగం చెయ్యాలి, కనపడింది రాసుకోవాలి, దాని మీద మాట్లాడుకోవాలి. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోవచ్చు. పల్లెటూరి సర్కారు బడుల్లో ఇదంతా మూడు దశాబ్దాల పాటు సాగింది. 2002లో అక్కడి ప్రభుత్వం ఆపేసింది.

అరవింద్ గుప్తా అనే ఇంజనీరు 1978లో అక్కడికి వెళ్లాడు. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పుణేలో లారీలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం చేస్తున్నవాడు. ఊరి సంతలో సైకిలు వాల్వ్ ట్యూబు కనపడింది. దాన్ని చిన్న ముక్కగా కోసి రెండు వైపుల నుంచీ రెండు అగ్గిపుల్లలు దూరిస్తే అవి ఎటైనా వంగే కీలులా అతుక్కున్నాయి. దాంతో త్రిభుజాలు, చతురస్రాలు, ఇళ్లు, గోపురాలు కట్టించాడు. ఆ తర్వాత పారేసే వస్తువులతో బొమ్మలు చేసి సైన్సు చెప్పడమే ఆయన జీవితమైంది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు వాల్వ్ ట్యూబు దొరకడం కష్టం గనక మీరు రాత్రి నానబెట్టిన శనగలు, చీపురుపుల్లలు వాడుకోండి. మూడు పుల్లలు, మూడు శనగలతో కట్టిన త్రిభుజాన్ని ఎంత నొక్కినా ఆకారం మారదు. నాలుగు పుల్లల చతురస్రం చిటికెన వేలితో తోస్తే పక్కకు ఒరిగిపోతుంది. "దీన్ని ఒరగకుండా నిలబెట్టగలవా?" అని అడిగి వదిలేయండి. ఐమూలగా ఇంకో పుల్ల పెట్టాలని పిల్లలకు తోచడానికి కాస్త సమయం పడుతుంది. తోచాక ఊరి బయట పెద్ద కరెంటు టవరు కనపడగానే, "నాన్నా, అందులో అన్నీ త్రిభుజాలే" అంటారు.

మన వైపు కూడా ఆ గాలి లేకపోలేదు. జన విజ్ఞాన వేదికవాళ్ల చెకుముకి పత్రిక తెలుగు పిల్లలకు ఇలాంటి ప్రయోగాలు చెబుతూ వస్తోంది. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర పెద్ద ఆవరణలో ప్రయోగశాలలు నడుపుతోంది. ప్రయోగశాలను వ్యాన్లలో, చివరికి మోటారుసైకిళ్ల మీద కూడా పల్లెలకు పంపుతోంది. అయినా వ్యాను ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? వంటిల్లు రోజూ ఉంటుంది.

"నాకు సైన్సు రాదండీ, పిల్లలడిగితే ఏం చెప్పను?" అని చాలామంది తల్లులు జంకుతారు. తెలిసినవాళ్ల వల్లే అసలు చిక్కు వచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. పళ్లెంలో కొవ్వొత్తి నిలబెట్టి, చుట్టూ నీళ్లు పోసి, వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లిస్తే కొంతసేపటికి దీపం ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకని అడిగితే, "గాలిలో ఐదోవంతు ఆక్సిజన్, అది కాలిపోయింది, ఆ చోటులోకి నీళ్లొచ్చాయి" అని చదువుకున్నవాళ్లు ఠక్కున చెబుతారు. తరతరాలుగా బడుల్లో ఇదే చెప్పారు. ఇది తప్పు. ఆక్సిజన్ పోయినచోట కొవ్వొత్తి మండగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి ఉంటాయి. పైగా ఆక్సిజన్ అంతా అయిపోకముందే దీపం ఆరిపోతుంది.

ఆ జవాబు ముందే వినని పిల్ల ఏం చూస్తుందంటే, గ్లాసు బోర్లించే వేళ అంచుల కింద నుంచి బుడగలు బయటికి రావడం చూస్తుంది. దీపం మండుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా ఎక్కకుండా, ఆరిపోయాక గబుక్కున ఎక్కడం చూస్తుంది. ఆక్సిజన్ కథ నిజమైతే మండుతున్నంతసేపూ మెల్లమెల్లగా ఎక్కాలి. ఇక మూడు కొవ్వొత్తులు పెట్టి అదే గ్లాసు బోర్లిస్తే? గ్లాసులో ఆక్సిజన్ అంతే గనక నీళ్లూ అంతే ఎక్కాలి. చూస్తే ఇంకా పైకి ఎక్కుతాయి. ఎందుకంటే గ్లాసు దించుతున్నప్పుడే మంట చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. దీపం ఆరాక లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది. మూడు దీపాలుంటే వేడి ఎక్కువ, ముడుచుకోవడం కూడా ఎక్కువ. "మూడు పెడితే?" అన్నది పిల్లలు తమంతట తాము అడిగే మామూలు ప్రశ్న. పాఠం వచ్చిన మేష్టారికి అది తోచలేదు, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది మరి.

కొవ్వొత్తి సంగతి వచ్చింది గనక ఫారడేను తలుచుకోకుండా ఉండలేను. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరి, అక్కడికొచ్చిన పుస్తకాలు చదివి శాస్త్రవేత్త అయిన మనిషి. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు క్రిస్మస్ ప్రసంగాలు 1825లో మొదలయ్యాయి. 1860 క్రిస్మస్ సెలవుల్లో ఫారడే అక్కడ పిల్లలకు వరసగా ఆరు ప్రసంగాలిచ్చాడు. ఆరూ ఒక్క కొవ్వొత్తి గురించే. ఆయన చూపించిన వాటిలో ఒకటి ఇంట్లో పెద్దవాళ్లు చేసి చూపవచ్చు. బాగా మండుతున్న కొవ్వొత్తిని ఊది ఆర్పండి. తెల్లని పొగ సన్నగా లేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తగలకుండా ఆ పొగకు మాత్రం తాకించండి. మంట పొగ వెంట గెంతుకుంటూ కిందికి దిగి వత్తిని అంటుకుంటుంది. ఆ పొగ మైనపు ఆవిరి. వత్తి కాలుతోందనే మనమంతా అనుకుంటాం. కాలేది ఆ ఆవిరి.

తక్కినవి గబగబా చెప్పేస్తాను. గ్లాసు నీళ్లలో కోడిగుడ్డు మునుగుతుంది, ఉప్పు చెంచా చెంచా వేస్తూ పోతే తేలుతుంది. ఏ చెంచాకు తేలుతుందో పందెం. మన రైతులు విత్తనాల వడ్లు ఎంచుకోవడానికి ఇదే వాడతారు. గుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలిపి, అందులో వడ్లు పోస్తే తాలు పైకి తేలుతుంది, గట్టి గింజ అడుగుకు చేరుతుంది. ఆ గింజల్ని మంచినీళ్లతో కడిగి నాటుకుంటారు. బురదనీళ్లు రెండు గ్లాసుల్లో పట్టి ఒకదాంట్లో పటిక తిప్పండి, ఒకటి వదిలెయ్యండి. పాతకాలపు ఇండుపగింజ ఎవరింట్లోనైనా ఉంటే అరగదీసి మూడో గ్లాసులో కలపండి. తెల్లని లిల్లీ కాడను రంగునీళ్లలో నిలబెట్టండి. పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తిస్తాం కదా, అలాగే తడిదూదిలో పెసలు మొలకెత్తించి, వేరు కిందికి దిగాక గ్లాసును అడ్డంగా పడుకోబెట్టండి. రెండు రోజులకు వేరు ఎటు తిరిగిందో చూసి బొమ్మ గీయమనండి. రాయడం రాని పిల్లలు గీస్తారు, మీరు పక్కన తేదీ వెయ్యండి.

జాగ్రత్తల విషయంలో నేను మొహమాటపడను. మంట, మరిగే నీళ్లు పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పక్కన బకెట్ నీళ్లుండాలి. సున్నం కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదముంది. తమలపాకుకు రాసే సున్నం చిటికెడు చాలు, అదీ పెద్దవాళ్లే కలపాలి, పొరపాటున కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గోడ ప్లగ్గులోని కరెంటుతో పిల్లలకు ఏ ప్రయోగమూ వద్దు, టార్చిలైటు బ్యాటరీ చాలు. బొత్తాం బ్యాటరీలు, చిన్న గట్టి అయస్కాంతాలు మింగితే పేగులకు ప్రమాదం, అవి పిల్లలకు అందనే కూడదు. బాత్రూము కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఇంటి ప్రయోగాల్లో ఏదీ నోట్లో పెట్టకూడదన్నది మొదటి రోజే పెట్టుకోవలసిన నియమం.

చివరగా ఖర్చు లేని, ఓపిక కావలసిన ప్రయోగం ఒకటి. డాబా మీద సమమైన చోట నిటారుగా ఒక కర్ర నిలబెట్టండి. మధ్యాహ్నం దాని నీడ ఎప్పుడు అన్నిటికన్నా పొట్టిగా ఉంటుందో పిల్లల్ని కనిపెట్టమనండి. పన్నెండు గంటలకని వాళ్లూ అంటారు, మీరూ అంటారు. మన దేశపు గడియారాలన్నీ 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా వెళుతుంది. హైదరాబాద్ దానికి పడమర, కాబట్టి అక్కడ మే నెలలో పొట్టినీడ పన్నెండు దాటి సుమారు పన్నెండు నిమిషాలకు గాని పడదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నిటారు కర్రకు నీడే పడని రోజులు మనకు ఏడాదికి రెండే ఉంటాయి. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకటి, ఆగస్టు మొదటి వారంలో ఒకటి. తిరుపతిలో మొదటిది ఏప్రిల్ చివరి వారంలోనే వచ్చేస్తుంది, శ్రీకాకుళంలో మే నడుమ దాకా ఆగాలి. మీ ఊరి రోజు ఏదో పిల్లలే పట్టుకోగలరు. ఫిబ్రవరి నుంచి వారానికోసారి పొట్టినీడ కొసన సుద్దముక్కతో గీత గీస్తూ పోతే చాలు. గీతలన్నీ కర్రకు ఉత్తరంగా, రాను రాను దగ్గరగా వస్తుంటాయి. మే నెలాఖరున గీత ఎటు పడుతుందో ఇంటిల్లిపాదీ ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తాతగారిని కూడా వదలకండి. ఆ జవాబు నేను చెప్పను.